అద్దె అపార్ట్‌మెంటుకు మారేవారు ముందుగా తేల్చుకోవలసినవి

హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కునేవారు మొదట అద్దె ఎంతని అడుగుతారు, ఆ వెంటనే తూర్పు ముఖమా కాదా అని అడుగుతారు. రెండూ అడగవలసినవే. అయితే అపార్ట్‌మెంటులో కాపురం సాఫీగా సాగడమన్నది వీటికన్నా నీళ్ళ మీద, మెయింటెనెన్సు లెక్క మీద, ఓనరుతో రాసుకున్న కాగితం మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ మూడింటినీ టోకెను డబ్బు ఇవ్వకముందే తేల్చుకోవాలి. డబ్బు చేతులు మారిన తరువాత అడిగితే జవాబు దొరకవచ్చు, కానీ ఆ జవాబు నచ్చకపోతే వెనక్కి రావడం కష్టమవుతుంది.

ఇల్లు వెతికే కాలాన్ని కూడా కొంత ఆలోచించి ఎంచుకోవచ్చు. జూన్‌లో బడులు తెరుస్తారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పిల్లలున్న కుటుంబాలన్నీ ఒక్కసారిగా కదులుతాయి, అప్పుడు ఓనరు చెప్పిన అద్దెకు తల ఊపక తప్పదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని అద్దె ఇళ్ళకు సైతం చాలామంది మారరు. పట్టింపు లేనివారికి బేరమాడటానికి అంతకన్నా అనువైన సమయం ఉండదు. పట్టింపు ఉన్నవారు కూడా ఆ నెలల్లోనే ఇల్లు చూసి, మాట్లాడుకుని, మంచిరోజు వచ్చాక సామాను చేర్చుకోవచ్చు.

నచ్చిన ఇంటిని ఒకసారి పగటి వెలుగులో, మరోసారి రాత్రి ఏడెనిమిది గంటలప్పుడు చూడటం మంచిది. గోడల చెమ్మ, గాలి వచ్చే దారి పగలు తెలుస్తాయి. పార్కింగులో బండ్లు ఎలా ఇరుక్కుంటాయో, పై అంతస్తు చప్పుడు ఎంత వినిపిస్తుందో, లిఫ్టు కోసం ఎంతసేపు నిలబడాలో రాత్రి తెలుస్తుంది.

నీళ్ళ విషయాన్ని మాత్రం తాపీగా, లోతుగా విచారించాలి. ‘మంజీరా నీళ్ళు వస్తాయి’ అని బ్రోకరు అనగానే సరిపెట్టుకోకూడదు. నగరానికి వచ్చే సరఫరాలో కృష్ణా, గోదావరి జలాలు కూడా ఉన్నాయి, ఏ నది నీళ్ళన్నది మనకు అంత ముఖ్యం కూడా కాదు. ఆ నీళ్ళు వంటింట్లో విడి కుళాయికి వస్తాయా, లేక కింద సంపులో బోరు నీళ్ళతో కలిసి పైకి ఎక్కుతాయా, రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. బోరు నీళ్ళు ఎంత ఉప్పుగా ఉన్నాయో ఎవరినీ అడగనక్కర లేదు. స్నానాల గదిలో కుళాయిల మీద, షవరు రంధ్రాల చుట్టూ పేరుకున్న తెల్లని పొర చూస్తే చాలు. అలాంటి ఇంట్లో గీజరు కాయిల్, వాషింగ్ మెషీను త్వరగా మరమ్మతుకు వస్తాయని ముందే లెక్క వేసుకోవాలి.

వేసవిలో బోరు ఎండితే ట్యాంకర్లు తెప్పిస్తారు. ఆ ఖర్చును అసోసియేషన్ అన్ని ఫ్లాట్లకూ పంచుతుంది కనుక జనవరిలో చెప్పిన మెయింటెనెన్సు ఏప్రిల్‌కు అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. కిందటి వేసవి మెయింటెనెన్సు రసీదు ఒకటి చూపించమని ఓనరునో, పక్క ఫ్లాటువారినో అడగడంలో తప్పు లేదు. నగర నీటి సరఫరా సంస్థ జలమండలి నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం 2021 నుంచి అమలులో ఉంది, అది ఈ భవనానికి అందుతున్నదో లేదో కూడా అప్పుడే కనుక్కోవచ్చు. వాచ్‌మన్ భార్యకు ఈ సంగతులన్నీ అసోసియేషన్ కార్యదర్శి కన్నా బాగా తెలిసి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక కాగితం. కిరాయి ఒప్పందాలను ఎక్కువగా 11 నెలలకే రాసుకోవడానికి కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన కౌలు ఒప్పందాన్ని రిజిస్టరు చేయించడం ఆ చట్టం ప్రకారం తప్పనిసరి, ఆ ఖర్చూ శ్రమా తప్పించుకోవడానికే ఈ పదకొండు నెలల పద్ధతి. ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు మాత్రమే రాసి సంతకాలు చేస్తే గొడవలకు చోటు ఇచ్చినట్టే. మెయింటెనెన్సు అద్దెలో కలిసి ఉందా, విడిగానా, పార్కింగు స్థలం నంబరు ఎంత, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఒప్పందం కొనసాగిస్తే అద్దె ఎంత శాతం పెరుగుతుంది, వెళ్ళేటప్పుడు రంగుల ఖర్చు అడ్వాన్సులో కోసుకుంటారా అన్నవన్నీ అందులో ఉండాలి. చాలామంది మొహమాటానికి పోయి ఈ చివరిది అడగరు, తీరా ఖాళీ చేసే రోజున ఒక నెల అద్దె రంగులకని పోతుంది.

సంతకం చేసేవారే అసలు ఓనరు అని నిర్ధారించుకోవడానికి ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు మీద ఉన్న పేర్లు చూడాలి. ఓనరు అమెరికాలో ఉండి ఇక్కడ తండ్రో బావమరిదో వ్యవహారం నడిపే ఫ్లాట్లు మన నగరంలో చాలా ఉన్నాయి. అలాంటప్పుడు అద్దె ఎవరి ఖాతాకు వెళ్ళాలో రాతపూర్వకంగా తీసుకోవాలి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఓనరు పన్ను చట్టం దృష్టిలో ప్రవాసి అయితే, అద్దె చెల్లించే ముందు అందులోంచి ఆదాయపు పన్ను (టీడీఎస్) కోసి ప్రభుత్వానికి కట్టవలసిన బాధ్యత కిరాయిదారుది, అద్దె ఎంత తక్కువైనా ఈ బాధ్యత పోదు. ఇది తెలియక తరువాత నోటీసు వచ్చినప్పుడు కంగారు పడటం కన్నా ముందే ఒక ఆడిటరును కలవడం చవక. ఓనరు ఇక్కడే ఉంటే నెల అద్దె 50,000 రూపాయలు దాటినప్పుడే ఈ కోత అవసరమవుతుంది. జీతంలో ఇంటి అద్దె భత్యం చూపించుకునే ఉద్యోగులు, ఏడాది అద్దె లక్ష రూపాయలు మించితే ఓనరు పాన్ నంబరు కూడా అడిగి ఉంచుకోవాలి.

తాళాలు అందుకున్న రోజునే కరెంటు మీటరు రీడింగును, గోడల పగుళ్ళను, కారే కుళాయిలను, పనిచేయని స్విచ్చులను ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపాలి. వెళ్ళేనాడు ఏ నష్టం ఎవరిదన్న వాదన వస్తే ఆ తేదీతో ఉన్న ఫొటోలే మాట్లాడతాయి. కరెంటు బిల్లు మీద కనెక్షనుకు గుర్తుగా ఉండే యూఎస్‌సీ నంబరుతో పాత బాకీలు ఉన్నాయేమో చూసుకోవచ్చు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు పొందుతున్నవారికి ఆ సదుపాయం పాత ఇంటి సర్వీసు నంబరుతో ముడిపడి ఉంటుంది కనుక, కొత్త నంబరుకు మార్పించుకోవడం మరచిపోకూడదు.

సామాను కట్టడం గురించి చెప్పవలసింది కొంచెమే. ప్యాకర్స్ మనిషి ఇంటికి వచ్చి వస్తువులు చూసుకున్నాకే అంతస్తు, లిఫ్టు, లారీ ఆగే దూరం అన్నీ కలిపి ధర రాసి ఇమ్మనాలి. ఫోనులో అతి తక్కువ ధర చెప్పినవారు సామాను లారీ ఎక్కాక మాట మార్చడం కొత్త కాదు. సామాను ఎక్కించడానికి, దింపడానికి లిఫ్టు ఏ వేళల్లో ఇస్తారో రెండు అసోసియేషన్లనూ అడగాలి. పుస్తకాలను చిన్న పెట్టెల్లోనే సర్దాలి. ఫ్రిజ్‌ను ముందురోజే ఖాళీ చేసి నిలబెట్టే తీసుకువెళ్ళాలి, దారిలో పడుకోబెట్టవలసి వస్తే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచిన తరువాతే స్విచ్ వేయాలి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీనుకు కొన్నప్పుడు తీసిన బోల్టులు మళ్ళీ బిగించాలి. బంగారం, దస్తావేజులు, ఆవకాయ జాడీ ఈ మూడూ లారీ ఎక్కకూడదు. జాడీకి వాసెన గుడ్డ గట్టిగా కట్టి, సొంత బండిలో కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకువెళ్ళాలి. తడి తగిలితే ఏడాది ఊరగాయ పాడవుతుంది, ఆ నష్టాన్ని ఏ ఇన్సూరెన్సూ పూడ్చదు.

పాలు పొంగించే ఆనవాయితీ ఉన్నవారు పొయ్యిని, సిలిండరును ముందురోజే కొత్త ఇంటికి చేర్చి, పైపు, రెగ్యులేటరు సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటే ముహూర్తం వేళకు హడావుడి ఉండదు. అదే నగరంలో గ్యాస్ ఏజెన్సీ మారితే సాధారణంగా బదిలీ కాగితం చాలు, సిలిండరు మన దగ్గరే ఉంటుంది. వేరే ఊరికి వెళ్తే సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకుని, ఏజెన్సీ ఇచ్చే బదిలీ వోచరుతో కొత్త ఊళ్ళో కనెక్షను తీసుకోవాలి.

ఆ తరువాత ఆధార్, బ్యాంకు చిరునామాలు మార్చుకోవాలి. ఓటు మార్పుకు ఫారం 8 సరిపోతుంది, నియోజకవర్గం మారినా అదే ఫారం. ఈ పనిని ఎన్నికలు వచ్చేదాకా వాయిదా వేయడం మన అలవాటు, జాబితాలో పేరు కోసం అప్పుడు వెతుక్కోవడమూ అలవాటే. పాత ఇంటి తాళాలు అప్పగించే ముందు అక్కడి మీటరు రీడింగు కూడా ఫొటో తీసి, చివరి కరెంటు బిల్లు, మెయింటెనెన్సు పోను అడ్వాన్సులో ఎంత మిగులుతుందో ఓనరుతో కలిసి లెక్క కట్టాలి. ఆ మొత్తాన్ని ఏ తేదీలోగా ఏ ఖాతాకు వేస్తారో వాట్సాప్‌లో రాయించుకుని తాళాలు ఇవ్వాలి.