నీళ్లు లేకుండా మోటారు తిప్పవద్దు: వేటకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

మొన్న సాయంత్రం ఇసుక మీద నిలబెట్టిన బోటు ఎక్కి ఒక కుర్రాడు మోటారు తాడు లాగాడు. మూడోసారికి అంటుకుంది. "రెండు నెలలు పడుకున్నా ఎలా లేచిందో చూడు బాబాయ్!" అని నన్ను చూసి సంబరంగా అరిచాడు. నేను పరుగెత్తుకెళ్లి ఆపేసరికి నిమిషం దాటింది. ఆ మోటారు కింద చుక్క నీరు లేదు.

ఆ రాత్రే కింది భాగం విప్పించాను. నీటి పంపులో ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. దాని రెక్కల అంచులు అద్దంలా నున్నగా అరిగిపోయాయి. ఒక రెక్క మొదట్లో గోరు దిగేంత పగులు ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన రబ్బరు వాసన వచ్చింది. పైనుంచి చూస్తే మాత్రం మోటారుకు ఏమీ కాలేదు. ఆ కుర్రాడు అలాగే వేటకు వెళ్లిపోయేవాడు.

గత ఏడాది ఒక బోటు అలాగే వెళ్లింది. జూన్ 15 తెల్లవారుజామున అందరితో పాటు బయలుదేరి, ఐదారు మైళ్లు దాటాక ఇంజన్ పట్టేసింది. నలుగురు మనుషులు ఒక పగలూ ఒక రాత్రీ గాలికి కొట్టుకుపోయారు. మరో ఊరి బోటు వాళ్లు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు కాబట్టి ఇళ్లకు చేరారు. వేట నిషేధానికి ముందు ఆ మోటారు బాగానే పనిచేసింది. ఒడ్డున "ఒకసారి చూద్దాం" అని నీళ్లు లేకుండా తిప్పడంతోనే పాడైంది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అన్ని రోజులు ఉప్పు పట్టి, పాత పెట్రోలుతో కూర్చున్న మోటారును లేపడానికి ఒక పద్ధతి ఉంది. వల బాగుచేయడం, రంగు వేయడం మీకు నేను చెప్పనక్కర్లేదు. మోటారు సంగతే చెబుతాను.

నీళ్లు

బోటు వెనుక బిగించే ఈ మోటార్లకు రేడియేటర్ లేదు. సముద్రపు నీటినే పైకి లాగి ఇంజన్‌ను చల్లబరుస్తాయి. ఆ నీటిని లాగేది ఇంపెల్లరే. దాని రెక్కలు పంపు గోడకు ఒరుసుకుంటూ తిరుగుతాయి, ఆ ఒరిపిడికి నూనెలా పనిచేసేది కూడా నీరే. నీరు లేకపోతే రబ్బరు కాలడానికి కొన్ని సెకన్లు చాలు. అలా సగం చెడిన పంపు నెమ్మదిగా నడిపినంతసేపు నెట్టుకొస్తుంది. బరువుతో, పూర్తి వేగంతో పోయేటప్పుడు చాలినంత నీరు ఇవ్వలేదు. పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌లో బిగుసుకుంటుంది. తప్పు చేసింది ఒడ్డున, దాని ఫలితం బయటపడేది నడిసముద్రంలో. "ఒక్క క్షణమే కదా" అనేవాళ్లకు ఆ నలుగురి సంగతి చెప్పండి.

పెద్ద డ్రమ్ము పైభాగం కోసి, మంచినీళ్లు నింపి, మోటారును అందులోకి దించండి. ఫ్యాను (బోటును నెట్టే రెక్కల చక్రం) పైన పళ్లెంలా ఉండే రేకు బెత్తెడు లోతున మునగాలి. ఫ్యాను విప్పేస్తే ఇంకా మంచిది. న్యూట్రల్‌లో, తక్కువ వేగంతోనే తిప్పండి. అర నిమిషంలోగా వెనుక రంధ్రం నుంచి నీళ్ల ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపేసి, ఆ రంధ్రంలో సన్నని తీగ పెట్టి చూడండి. కందిరీగ అందులో మట్టితో గూడు కట్టేస్తుంది, నేనే చాలాసార్లు తీశాను. అప్పటికీ ధార రాకపోతే ఇంపెల్లర్ మార్చాల్సిందే. కొత్తదాన్ని మోటారు తిరిగే దిశలోనే తిప్పుతూ లోపలికి దించండి.

పెట్రోలు

పాతది పారబోయకండి, మోటారులోనూ వాడకండి, క్యానులోకి తీసి పక్కన పెట్టండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది, నీరు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. కొంచెం గాజు సీసాలో పోసి వెలుతురులో చూస్తే మధ్యలో గీత కనిపిస్తుంది. ఆ అడుగు భాగంలో టూటీ ఆయిల్ (పెట్రోలులో కలిపే ఇంజన్ నూనె) ఉండదు. దానితో నడిచిన ఇంజన్ నూనె లేకుండా నడిచినట్టే. కార్బొరేటర్ కింది మర విప్పి అందులోదీ తీసేయండి. కొత్త కలుపు మీ మోటారు పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారమే చేయండి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కళ్లతో అంచనా వేసి పోయవద్దు.

గేర్ ఆయిల్

గేర్ పెట్టె కింది మర కొంచెం వదులు చేసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే నీరు చేరినట్టు. ఫ్యాను విప్పి చూస్తే తరచుగా షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ దారం దొరుకుతుంది, నీరు లోపలికి రాకుండా ఆపే సీలును కోసింది అదే. సీలు మార్చకుండా ఆయిల్ మాత్రం మార్చితే మళ్లీ నీరు చేరుతుంది. ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి ఎక్కించండి, పై రంధ్రం నుంచి పొంగేవరకు. పైనుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది.

ఇక మిగిలినవి వరసగా రాస్తున్నాను. చదివి వదిలేయకండి, ఒక్కొక్కటీ చేయండి.

ప్లగ్గులు విప్పి, సిలిండర్‌లో చెంచాడు నూనె వేసి, తాడును నెమ్మదిగా నాలుగైదు సార్లు లాగండి. కదలకపోతే బలం ఉపయోగించవద్దు, మెకానిక్‌ను పిలవండి.

పెట్రోలు తెరిచి ఉన్నచోట ప్లగ్గు మెరుపు పరీక్ష చేయవద్దు. బీడీ వద్దు.

గేరులో ఉంచి తాడు లాగవద్దు. ఫ్యాను దగ్గర పిల్లలు ఉండకూడదు.

ట్యాంకు మూత మీది గాలి మర తెరవండి. మూసి ఉంటే కొంతసేపటికి మోటారు ఆగిపోతుంది, ఎందుకో అర్థం కాదు.

మోటారును బోటుకు బిగించే మరలు మళ్లీ బిగించండి. గొలుసు కూడా కట్టండి.

నీళ్లు లేకుండా తిప్పవద్దు. అమ్మడానికి చూపిస్తున్నా సరే, ఎవరు అడిగినా సరే.

మనిషి నీళ్లలో పడితే మోటారును ఆపే తాడు మణికట్టుకు కట్టుకోండి. బోటు అంచుకు వేలాడదీస్తే ప్రయోజనం లేదు.

డ్రమ్ములో పరీక్షించని మోటారుతో అలలు విరిగే చోటికి పోవద్దు. అక్కడ మోటారు ఆగితే బోటు అలకు అడ్డం తిరుగుతుంది, తర్వాతి అలకే బోల్తా పడుతుంది. జూన్ గాలుల్లో ఇది మరీ ప్రమాదం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల సూచన చూసుకుని బయలుదేరండి.

మొదటి రోజు ఒంటరిగా వెళ్లవద్దు. రెండు బోట్లు కనుచూపు మేరలో ఉండాలి. మొదటి గంట ఒడ్డుకు దగ్గరలోనే.

తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు, తాగునీరు, ప్లాస్టిక్ సంచిలో ఫోను. కోస్ట్ గార్డ్ నంబరు 1554, బోటు లోపలి గోడ మీద రంగుతో రాయండి.

దారి పొడవునా నీళ్ల ధారను చూస్తూ ఉండండి. ఆగిందా, ఆ క్షణమే మోటారు ఆపండి. పైకి ఎత్తి, నీరు లాగే చోట సంచి అడ్డుపడిందేమో చూడండి. "ఇంకొంచెం దూరమే" అని నడపవద్దు.

డ్రమ్ము లేదని నీళ్లు లేకుండా తిప్పవద్దు. మా షెడ్డు ముందు డ్రమ్ము నింపి పెట్టాను. 14వ తేదీ సాయంత్రం వరకు ఎవరైనా మోటారు తెచ్చి పరీక్షించుకోండి, డబ్బు ఇవ్వనక్కర్లేదు.