శిబిరంలో పక్క తడిపే పిల్లాడి గుట్టు కాపాడడం ఎలా

ఎండాకాలం శిబిరాల్లో రాత్రిపూట మగపిల్లల గదికి కాపలా ఉండే పని నాది. ఈ పనికి కొత్తగా వచ్చే కుర్రాళ్లకు పాములు, దోమల సంగతి తర్వాత చెబుతాను, ముందు దుప్పట్ల సంగతి.

పదేళ్ల పిల్లల్లో నూటికి ఐదుగురి దాకా నిద్రలో పక్క తడుపుతారు. నలభై మంది గదిలో ఇద్దరుంటారనుకోండి. బద్ధకం కాదు, ఒళ్లెరగని నిద్ర. ఎవరెవరో అందరి ముందూ అడగొద్దు. దిగబెట్టడానికొచ్చిన అమ్మానాన్నల్ని పక్కకు పిలిచి అడగండి. రబ్బరు షీటు ఆ ఒక్కడికే వేస్తే దండోరా వేసినట్టే, అందరి పరుపులకూ వేయించండి. ముదురు రంగు దుప్పట్లు, మనిషికి రెండు. మంచినీళ్లు మాత్రం ఆపకండి, అసలే మే నెల. పగలంతా తాగనిచ్చి, రాత్రి అన్నాలయ్యాక తగ్గిస్తే చాలు. దీపాలార్పే ముందు అందర్నీ బాత్రూముకు పంపండి. పదకొండున్నరకు ఆ ఇద్దర్నీ భుజం తట్టి లేపండి. పేరు పెట్టి పిలిస్తే పక్కవాడూ లేస్తాడు. తెల్లారకట్ల ఓ చుట్టు తిరిగి, తడిసిన దుప్పటి మీరే తీసేయండి.

అయినా బయటపడి ఏడిపించడం మొదలైందా, గుంపును నిలబెట్టి తిట్టకండి. ఒక్కొక్కణ్ణీ విడిగా పిలవండి. మొదలెట్టినవాడి కన్నా ముందు, నవ్వుతూ చెయ్యి కలిపినవాణ్ణి పిలుస్తాను నేను. 1994లో నేనూ ఆ రకమే.

అప్పుడు నాకు పదకొండేళ్లు. రాజమండ్రి పిల్లాడొకడు రెండో రాత్రి పక్క తడిపాడు. పొద్దున్నకల్లా వాడి పేరు ‘గోదారి’ అయిపోయింది. ముందురోజే మాకు జెండా కట్టడానికి షీట్ బెండ్ ముడి నేర్పారు. వాడి దుప్పటి కొసకు ఆ ముడి వేసింది నేనే. మొదటిసారే కుదిరింది. ప్రార్థనకు వరసలు కట్టేసరికి కర్ర మీద దుప్పటి ఎగురుతోంది. మాస్టారు కూడా నవ్వాపుకోలేకపోయారు.

ఇంట్లో తడపనివాడు శిబిరంలో హఠాత్తుగా మొదలెడితే, బెంగలే అని వదిలేయొద్దు. మూత్రంలో ఇన్ఫెక్షనో, షుగరో కావచ్చు. ఎవరైనా వాణ్ణి లైంగికంగా వేధిస్తూ ఉండొచ్చు. ఇంటికి ఫోన్ చేసి డాక్టరుకు చూపించండి. ఆ చివరి అనుమానం ఏమాత్రం ఉన్నా, శిబిరం పరువు చూసుకోకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

టార్చి నేల వైపే పట్టుకోండి. ఎవడైనా పడుకోకుండా కూర్చుని కనిపిస్తే ఆగండి. దుప్పటి ఎగిరిన రోజు రాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే, వాడు మంచం మీద మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాడు.

“నువ్వు పడుకోరా,” అన్నాడు, “నేను పడుకోను.”