సంపూర్ణ సూర్యగ్రహణం చూసే పద్ధతి: స్పర్శ నుంచి మోక్షం దాకా

2024 ఏప్రిల్ 8 గ్రహణం నాడు అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్న మా మిత్రులు కొందరు, తమ ఊళ్లోనే సూర్యబింబం సుమారు 94 శాతం మరుగవుతుండగా డాలస్ దాకా నాలుగు గంటలు కారు నడపడం దండగ అనుకున్నారు. వారికి ఎండ కాస్త మందగించిన మధ్యాహ్నం దక్కింది. డాలస్ శివారులో ఉన్న మాకు నాలుగు నిమిషాలకు కాస్త తక్కువగా చీకటి దక్కింది. సూర్యుడు ఒక్క శాతం మిగిలినా ఆ వెలుగు వేలాది పున్నమి చంద్రుల పెట్టు. సూర్యుని చుట్టూ ఉండే పలుచని వాయువుల పొర, అంటే కరోనా, వెలుగు మొత్తం కలిపినా ఇంచుమించు ఒక్క పున్నమి చంద్రుడంతే కాబట్టి, బింబం పూర్తిగా మూసుకుపోతే తప్ప అది కంటికి ఆనదు. అందువల్ల మొదటి పని చంద్రుని పూర్ణచ్ఛాయ నడిచే దారిలోకి, వీలైనంతగా దాని నడిమధ్యకు, ముందురోజే చేరుకోవడం. ఆ దారి అంచున నిలబడితే నిమిషాలు సెకన్లుగా కుదించుకుపోతాయి.

రెండవది కళ్లద్దాలు. సూర్యుణ్ణి చూసే అద్దాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-2కు లోబడినవి కొనాలి. పెట్టుకుంటే ఇంట్లో మామూలు దీపం కూడా కనిపించకూడదు, గీత పడినా చిల్లు పడినా పారవేయాలి. అవి లక్షలో సుమారు మూడు వంతులకు మించి కాంతిని రానివ్వవు. మన ఊళ్లలో పళ్లెంలో పసుపు నీళ్లో పేడ నీళ్లో పోసి ప్రతిబింబం చూసే అలవాటుంది. నిశ్చలమైన నీరు నూటికి రెండు వంతులైనా వెనక్కి కొడుతుంది గనుక ఆ పద్ధతి కంటికి చేటు. మసిపట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము కూడా అంతే. గ్రహణపు అద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లో చూడటం వీటన్నిటికంటే ప్రమాదం.

పంచాంగం ఈ ఘట్టాలకు ఎప్పుడో పేర్లు పెట్టింది: చంద్రుడు బింబాన్ని తాకడం స్పర్శ, బింబం పూర్తిగా మూసుకుపోవడం నిమీలనం, తిరిగి వెలుగు పొడవడం ఉన్మీలనం, గ్రహణం విడవడం మోక్షం. డాలస్‌లో స్పర్శ మధ్యాహ్నం 12:23కు. ఆ తరువాత గంటకు పైగా జరిగేది నెమ్మదైన వ్యవహారం కాబట్టి అద్దాల్లోంచి అప్పుడప్పుడు చూస్తే సరిపోతుంది. పిల్లలుంటే వంటింట్లోని బూందీ గరిటె తెచ్చి తెల్లటి తువ్వాలు మీద నీడ పడేలా పట్టుకోమనండి. గరిటెలో ఎన్ని చిల్లులుంటే అన్ని నెలవంకలు తువ్వాలు మీద వరుస కడతాయి. మా పక్కింటి పాప ఆ నెలవంకలను వేలితో లెక్కపెడుతూ ఆకాశం సంగతే మరిచిపోయింది.

చివరి పదిహేను నిమిషాలు వదలకూడదు. సాయంకాలపు వెలుగులో ఉండే పసుపుదనం ఇందులో ఉండదు. కంచుపాత్ర మీద మెరిసినట్టు ఒక చల్లని, రంగు తగ్గిన వెలుగు పరుచుకుంటుంది, నీడల అంచులు పదునెక్కుతాయి, ఒంటికి చలి తెలుస్తుంది. తెల్లని దుప్పటి పరిచి ఉంచితే, గాలి అనుకూలిస్తే, దాని మీద పాము కదిలినట్టు సన్నని నీడచారలు పాకడం చూడవచ్చు. ఛాయ వచ్చే దిక్కున, మాకైతే నైరుతిన, ఆకాశం నల్లబడుతుంది. చివరికి అంచున కొన్ని వెలుగు పూసలు, ఆపై ఒక్క వజ్రపుటుంగరం. ఆ వజ్రం ఆరిపోయాకే అద్దాలు తీయాలి.

1:40కి అద్దాలు తీసినప్పుడు నాకు మొదట కలిగింది ఆనందం కాదు, భయం. సూర్యుడు ఉండవలసిన చోట నల్లని రంధ్రం, దాని చుట్టూ తెల్లని పట్టుకుచ్చులాంటి కరోనా, కింది అంచున గులాబీ రంగు జ్వాల. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో పరిశీలించి, అవి వేడెక్కిన వాయువులని తేల్చినది ఇలాంటి జ్వాలలనే. చుట్టూ అన్ని దిక్కులా దిగంతంలో సంధ్య కాంతి. మా అమ్మ నల్గొండలో ఉండగా 1980 ఫిబ్రవరి 16న ఆ ఊరి మీదుగానే సంపూర్ణ గ్రహణం వెళ్లింది; అప్పుడు మా నాయనమ్మ తలుపులు బిగించి, పచ్చడి జాడీల మీద దర్భ వేసి, అందరినీ లోపలే కూర్చోబెట్టింది. నలభై నాలుగేళ్లకు అమ్మ నా మోచేయి పట్టుకుని, కింద కుడివైపు వెలుగుతున్న శుక్రుణ్ణి చూపిస్తూ, “అరే, పట్టపగలు సుక్క సూడురా” అంది. పట్టపగలు చుక్కలు కనిపించడమంటే కష్టాలని మాత్రమే తెలిసిన నాకు ఆ మాట అక్షరాలా నిజమైంది.

కెమెరా విషయంలో నాది మొండి అభిప్రాయం: ఫోనును ఒక స్టాండుకు బిగించి, ఆకాశం వైపు కాక మనుషుల వైపు తిప్పి, రికార్డింగు నొక్కి వదిలేయాలి. ఉన్మీలనానికి ఇరవై సెకన్ల ముందు మోగేలా అలారం పెట్టుకోవాలి. రెండవ అంచున వెలుగు చుక్క పొడవగానే అద్దాలు తిరిగి కళ్లకు ఎక్కాలి. అప్పుడే జనం కార్లెక్కుతారు, రహదారులు నిండిపోతాయి. మేము మోక్షకాలం, అంటే 3:02 దాకా, పులిహోర తింటూ అక్కడే ఉన్నాం.

2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్‌లో సంపూర్ణ ఘట్టం ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది, వానమబ్బుల బెడద అక్కడ దాదాపు లేదు. డాలస్ నుంచి ఇంటికి వెళ్లే దారిలోనే ఆ సంగతి చెబితే, అమ్మ వెనక సీటులోంచి తన పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో చూడమంది.