వైజాగ్ ఉక్కలో టరాంటులా పిల్ల: చీమలు, దోమల మందు, మన చాదస్తం

టరాంటులా అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు. పెంచేవాళ్లు స్లింగ్ అని పిలిచే దాని పిల్లని మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ఒకటే అనుమానం వస్తుంది, కందిగింజంత కూడా లేదే, ఇది బతుకుతుందా అని. బతుకుతుంది. నా దగ్గర పోయిన మూడు పిల్లల్లో ఒక్కటి కూడా ఆకలితో పోలేదు. ఒకటి చీమల పాలైంది, ఒకటి దోమల మందుకి పోయింది, మూడోదాన్ని నా చాదస్తమే చంపింది, ఎండిపోతోందేమోనని రోజూ నీళ్లు కొట్టీ కొట్టీ డబ్బా అంతా బూజు పట్టించాను.

మొదటిసారి అయితే కర్లీ హెయిర్ అనే రకం టరాంటులా తీసుకోండి. హోండురాస్, నికరాగ్వా వైపుది, నెమ్మదస్తురాలు, ఆడదైతే ఇరవై ఏళ్లకు పైనే బతుకుతుంది కాబట్టి ఆలోచించి తెచ్చుకోండి. మన గుత్తి పేరు మోస్తున్న నీలం సాలీడు ఫొటోలు చూసి మనసు పడనివాడు ఉండడు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికినదాన్ని చూసి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. కానీ అది మెరుపులా పరిగెడుతుంది, కుడితే నొప్పి మామూలుగా ఉండదు, పైగా అడవిలో అంతరించిపోయే దశలో ఉంది. అడవిలోంచి పట్టి తెచ్చినది ఏదైనా సరే ముట్టుకోకండి. కర్లీ హెయిర్ కూడా సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నదే కాబట్టి, వన్యప్రాణి చట్టానికి 2022లో జరిగిన సవరణ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. అమ్మేవాడు కాగితాలు చూపించలేకపోతే వెనక్కి వచ్చేయండి.

డబ్బా చిన్నదే మంచిది, పెద్దదాంట్లో పెడితే పిల్లకి మేత దొరకదు, మనకి పిల్ల దొరకదు. మందుల షాపులో దొరికే చిన్న ప్లాస్టిక్ శాంపిల్ డబ్బా చాలు. సూది కాల్చి రెండు పక్కలా ఎదురెదురుగా కన్నాలు పెట్టండి, గాలి ఇటు నుంచి అటు ఆడాలి, మూతకి మాత్రమే పెడితే మన ఊరి ఉక్కకి లోపల ఆవిరి పట్టేస్తుంది. కన్నం పిల్ల తలభాగం కంటే సన్నగా ఉండాలి, లేదంటే తెల్లారేసరికి డబ్బా ఖాళీ. నర్సరీలో దొరికే కోకోపీట్‌ని, అంటే కొబ్బరి పీచు పొడిని, ఎరువు కలపనిది చూసుకుని, నానబెట్టి పిడికిట్లో గట్టిగా పిండండి, చుక్క కారకూడదు, అలాంటిది సగానికి పైగా నింపండి. పైన ఎక్కువ ఖాళీ వదలొద్దు, ఎత్తు నుంచి పడితే పొట్ట పగిలిపోతుంది, ఇక అంతే సంగతులు.

నీళ్లు వారానికోసారి, ఒక మూలకి మాత్రమే, నాలుగు చుక్కలు. బీచ్ వైపు ఉండేవాళ్లకి వానాకాలంలో అదీ అక్కర్లేకపోవచ్చు, మట్టి రంగు చూస్తే తెలిసిపోతుంది. హీటర్లూ అవీ మనకి అనవసరం, మే నెలలో మాత్రం డబ్బాని అటక మీద కాకుండా నేలకి దగ్గరగా, ఎండ తగలని చోట పెట్టండి.

మేతకి మీల్‌వార్మ్ అనే పురుగు చాలు, అక్వేరియం షాపుల్లో పక్షుల కోసం, చేపల కోసం అమ్ముతారు. మరీ చిన్న పిల్లకి పురుగుని బ్లేడుతో ముక్క చేసి గూడు దగ్గర పెడితే రాత్రి వచ్చి పీల్చుకుంటుంది. కాస్త పెద్దదైతే దాని పొట్ట కంటే చిన్న పురుగు, తల నలిపి వేయాలి, లేకపోతే మట్టిలోకి దూరిపోయి తర్వాత మన పిల్లనే కొరుకుతుంది. వారానికి రెండుసార్లు పెట్టండి, మర్నాటికి తినకపోతే తీసేయండి. వంటింట్లో తిరిగే బొద్దింకని మాత్రం వేయకండి, అది ఏ మందు మీద నడిచి వచ్చిందో మనకి తెలీదు.

మందు అంటే గుర్తొచ్చింది. ప్లగ్గుకి పెట్టే దోమల మందు ఉన్న గదిలో సాలీడుని ఉంచకండి. నేను ఉంచాను. రెండో రోజుకి దాని కాళ్లు ఒక్కోటీ విడివిడిగా కొట్టుకోవడం మొదలైంది, నడవబోతే పక్కకి ఒరిగిపోయింది, మూడో రోజుకి లేదు. వీధిలోకి ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి డబ్బాని లోపలి గదిలోకి మార్చండి. చీమలకి కూడా సుద్ద గీయకండి, అమ్మమ్మలు పంచదార డబ్బాకి చేసినట్టు పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గ్లాసు బోర్లించి దాని మీద డబ్బా పెట్టండి.

కుబుసం విడిచే ముందు మేత మానేస్తుంది, పొట్ట నల్లబడి నిగనిగలాడుతుంది, గూటికి మట్టి అడ్డం పెట్టేసుకుంటుంది. అప్పుడు చచ్చిపోయిందేమోనని తవ్వి చూడకండి. వెల్లకిలా పడుకుని ఉంటే కుబుసం విడుస్తున్నట్టు, ఊదను కూడా ఊదొద్దు. మామూలుగానే నిలబడినట్టు ఉండి కాళ్లన్నీ కిందికి ముడుచుకుంటే టెన్షన్ పడాలి, సాధారణంగా నీళ్లు అందకపోతే అలా అవుతుంది, నోటి దగ్గర ఒక చుక్క పెట్టండి. కొత్త కుబుసంతో వచ్చినప్పుడు కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి, తర్వాత ఎర్రబడి చివరికి నల్లబడతాయి. నల్లబడేదాకా, అంటే పిల్లలకి ఓ వారం, మేత వేయకూడదు, బతికున్న పురుగు అప్పుడు దాన్నే తినేయగలదు.

ఇప్పుడు నా దగ్గరున్నది ఇరవై రోజులుగా తలుపేసుకుని కూర్చుంది. మా అమ్మ రోజూ పొద్దున్నే, "ఏరా, ఉందా పోయిందా?" అని అడుగుతోంది. నిన్న రాత్రి డబ్బా అడుగున ఫోన్ లైటు ఒక్క క్షణం వేసి చూశాను, డబ్బా గోడ పక్కన ముడుచుకున్న పాత చర్మం, దాని పక్కనే ఇంకాస్త పొడుగు కాళ్లతో అది.