ఫుట్‌నోట్ల కోసం చివర్లో వెతుకులాట తప్పాలంటే

ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) డిసర్టేషన్ చివర్లో ప్రాణం తీసేది రాయడం కాదు, "ఈ మాట ఏ తీర్పులో చదివాను?" అని వెతుక్కోవడం.

చదివేటప్పుడే ఎక్సెల్ షీట్ తెరిచి పెట్టుకోండి. తీర్పుకో వరుస: కేసు పేరు, సైటేషన్ (ఆ తీర్పు ఏ లా రిపోర్టులో, అంటే అచ్చయిన తీర్పుల సంపుటాల్లో, ఎక్కడ ఉందో చెప్పేది), పేరా నంబరు, ఏ అధ్యాయానికి, ఎందుకు పనికొస్తుందో సొంత మాటల్లో ఒక్క వాక్యం. ఆ చివరి గడి నింపలేకపోతే ఆ తీర్పు మీకు అక్కర్లేదన్నమాట, మొహమాటపడకుండా తీసేయండి. పేజీ కన్నా పేరా నంబరే మేలు. పీడీఎఫ్‌లో ఒక పేజీ, రిపోర్టులో ఇంకో పేజీ ఉంటుంది. గైడ్‌ను కలిసే ముందు అధ్యాయాలవారీగా సార్ట్ చేస్తే ఎక్కడ సరుకు తక్కువైందో తెలుస్తుంది. అడగాల్సింది దాని గురించే.

పాత తీర్పులు చాలావాటికి పేరా నంబర్లు ఉండవు. అక్కడ మాత్రం ఏ రిపోర్టు, ఏ సంపుటం, ఏ పేజీ అన్నది రాసుకోవాల్సిందే.