ఏది వెలుగుతుంది, ఏది ఒట్టిగ మెరుస్తుంది: చీకటి పెట్టెతో తేల్చుకునే పద్ధతి

వెలుగునిచ్చే వస్తువులు చెప్పమంటే ఆరో తరగతి పిల్లలు సూర్యుడు, దీపం, బల్బు దాకా బాగానే చెప్తారు. ఆ వెంటనే చందమామనో, అద్దాన్నో అదే వరుసలో కలిపేస్తారు. తప్పు వాళ్లది కాదు. తనంతట తాను కాంతినిచ్చేది స్వయంప్రకాశకం, ఇవ్వనిది అస్వయంప్రకాశకం అని ఒప్పజెప్పించి వదిలేస్తాం. కంటికి చేరిన వెలుగు ఆ వస్తువులోనే పుట్టిందా, వేరే చోటి నుంచి వచ్చి దాని మీద పడి తిరిగొచ్చిందా? వట్టిగా చూసి ఎవరూ చెప్పలేరు. బయటి వెలుగును పూర్తిగా ఆపేస్తే తప్ప తేలదు.

సింగరేణి భూగర్భ గనిలో దీపాలు లేని చోట, నెత్తి మీది క్యాప్ ల్యాంపు ఆర్పితే సొంత చెయ్యి కూడా కనబడదు. అంతదాకా తళతళలాడిన సేఫ్టీ జాకెట్టు పట్టీ కూడా మాయమవుతుంది. ఆ చీకట్లో కూడా ఏదైనా కనబడిందంటే అది స్వయంప్రకాశకమే. అలాంటి చీకటిని అట్టపెట్టెలో తయారు చేసుకోవచ్చు.

మిక్సీ వచ్చిన పెట్టె సరిపోతుంది. పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు, ఎత్తు 30 చొప్పున ఉంటే చెయ్యి తేలిగ్గా దూరుతుంది. నల్ల చార్టులు మూడు తెచ్చుకోండి. లెక్కకు రెండు చాలు గానీ మూలల్లో మడత పెట్టడానికి తక్కువ పడతాయి. మెరుపు లేని గరుకు రకమే అడగండి. నున్నటి చార్టు వాడితే టార్చి వేసినప్పుడు గోడలే మెరిసి, లోపలి వస్తువు సంగతి తేలదు. మైదాపిండి ఉడికించిన జిగురుతో లోపలంతా అతికించి ఒక పూట ఆరనివ్వండి. అతుకులకు కరెంటు పనివాళ్లు వాడే నల్ల ఇన్సులేషన్ టేపు కావాలి. పార్సిళ్లకు వేసే బ్రౌన్ టేపు వద్దు, అది వెలుగును ఆపదు.

వెడల్పు తక్కువున్న గోడకు నడుమ 2 సెంటీమీటర్ల కన్నం పెట్టండి. కంటితో చూసేది దీనిలోంచే. దానికి 4 సెంటీమీటర్ల పక్కన టార్చి కోసం 1.5 సెంటీమీటర్ల కన్నం ఒకటి, పొడుగు గోడకు అంతే సైజుది ఇంకొకటి. రెండు టార్చి కన్నాలకూ చార్టును రెండు పొరలుగా మడిచి తలుపుల్లా అతికించండి. పై మూత అంచుల చుట్టూ చార్టు పట్టీ 5 సెంటీమీటర్లు కిందికి వేలాడాలి.

చాలామంది పెట్టె ఇక్కడే చెడుతుంది. మూల దగ్గర సూదంత సందున్నా లోపల చీకటి ఉండదు, అప్పుడు స్టీలు గ్లాసు కూడా స్వయంప్రకాశకంగా లెక్కకొస్తుంది. అందుకే రాత్రిపూట ఫోన్ టార్చి వేసి పెట్టె లోపల పెట్టి, మూసి, గదిలో లైట్లు ఆర్పి, బయటి నుంచి చుట్టూ చూడండి. ఎక్కడెక్కడ చుక్కలా వెలుగు కనబడితే అక్కడ టేపు వెయ్యండి. పగలు లోపలికి తొంగిచూసి వెతికితే ఇన్ని సందులు దొరకవు.

ఇక పరీక్ష. వస్తువును కంటి కన్నానికి ఎదురుగోడ దగ్గర పెట్టి, మూత వేసి, తల మీద నల్లగుడ్డ కప్పుకుని కన్ను ఆనించండి. ఎండలోంచి వచ్చినవాళ్లు కనీసం పది నిమిషాలు ఆగాలి. చీకటికి కన్ను అలవాటు పడకముందే ఏమీ లేదని రాసేస్తే మసక వెలుగున్నవన్నీ తప్పిపోతాయి. నోటుబుక్కులో ప్రతి వస్తువుకూ మూడు గళ్లు గీయండి: టార్చి వేయకముందు, వేసినప్పుడు, ఆర్పగానే.

పెంబర్తి ఇత్తడి గిన్నె, కరీంనగర్ వెండి తీగపని డబ్బా, అద్దం ముక్క, అల్యూమినియం రేకు... టార్చి పడగానే ఇవన్నీ భగ్గుమంటాయి, ఆర్పితే లేవు. రామప్ప గుడిలో అద్దంలా నునుపు తేల్చిన నల్లరాతి స్తంభాలదీ ఇదే కథ, కాకతీయుల శిల్పులు రాతిని నున్నగా చేశారే తప్ప అందులో వెలుగు పెట్టలేదు.

బండ్లకు వేసే రేడియం స్టిక్కర్ ముక్కను మటుకు తొందరపడకుండా చూడండి. కంటి పక్క కన్నంలోంచి టార్చి వేస్తే దీపం వెలిగినట్టే ఉంటుంది. పక్కగోడ కన్నంలోంచి వేస్తే మామూలు కాగితంలా మసకగా కనబడుతుంది. దానిలోని సన్నటి గాజుపూసలో, పట్టకాలో వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు రాత్రిపూట పత్తి లోడుతో పోయే ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటు లేకుండా స్టిక్కరొక్కటే ఉంటే, మన బండి హెడ్‌లైటు దాని మీద పడ్డాకే అది కనబడుతుంది. మలుపులో హెడ్‌లైటు పక్కకు పోతే ట్రాలీ లేనట్టే. పేరుకు రేడియం అంటాం గానీ అందులో రేడియం ఉండదు.

పిల్లల గదిలో అతికించే నక్షత్రాల స్టిక్కర్లు వేరే జాతి. ఒక రాత్రంతా చీకట్లో ఉంచిన స్టిక్కర్‌ను పెట్టెలో పెడితే దాదాపు ఏమీ కనబడదు. రెండు నిమిషాలు టార్చి చూపించి పెడితే పచ్చగా వెలుగుతుంది, నెమ్మదిగా తగ్గుతుంది. మరి దీన్ని ఏ గడిలో రాయాలి? వెలుగుతున్నంతసేపు ఆ కాంతి దానిలోంచే వస్తోంది కాబట్టి స్వయంప్రకాశకమనే రాయించాలి, అయితే ముందుగా దాచుకున్న శక్తితోనని పక్కన ఒక మాట చేర్చాలి. హైలైటర్ పెన్ను రంగు ఇలా దాచుకోదు, టార్చి ఆగిన మరుక్షణం ఆరిపోతుంది.

ఫోన్‌లో నిండుగా నల్ల బొమ్మ పెట్టి పెట్టెలో ఉంచండి. ఎల్‌సీడీ తెర అయితే బూడిదరంగు వెలుగు కనబడుతుంది, దాని వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కనుక. ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది కనుక నల్ల చుక్కలు పూర్తిగా ఆరి ఉంటాయి. నోటిఫికేషన్లు ఆపడం మరువకండి.

నిప్పు సంగతి పెట్టెలో వద్దు, అట్ట అంటుకుంటుంది. బొగ్గు ముక్కను మాత్రం ముందు పెట్టెలో చూడండి. సింగరేణి బొగ్గుకు కొన్ని పక్కలు నిగనిగలాడతాయి, టార్చి ఆర్పితే అంతా నలుపే. ఇక కట్టెబొగ్గును ఆరుబయట కుంపట్లో రాజేసి రాత్రి చూస్తే ఎర్రగా వెలిగేది బొగ్గే. అంటే స్వయంప్రకాశకం అన్నది వస్తువు పేరును బట్టి కాదు, ఆ పూట దాని స్థితిని బట్టి. ఏ ఘనపదార్థమైనా సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దాటితే కంటికి మసక ఎరుపుగా కనబడటం మొదలవుతుంది. కొలిమిని నీడలో పెట్టుకునేది ఇందుకే: ఎండలో ఆ ఎరుపు కనబడక ఇనుము ఎంత కాగిందో కమ్మరికి తెలియదు. ఆరిన బల్బు, వత్తి వెలిగించని కందీలు కూడా అస్వయంప్రకాశకాలే. వెలుగుతున్న కందీలులోనూ గాజుబుడ్డి వెలుగును బయటికి పోనిస్తుందంతే, ఇచ్చేది మంట.

చందమామ పెట్టెలో పట్టదు గనుక దానికి నిమ్మకాయ కావాలి. ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు, అంటే సద్దుల బతుకమ్మకు పూలు పేర్చడం అయిపోయే వేళ, సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య దక్షిణం దిక్కున సగం చంద్రుడు ఉంటాడు. పడమట ఎండ ఇంకా ఉంటుంది. నిమ్మకాయను పుల్లకు గుచ్చి, చెయ్యి చాచి, సరిగ్గా చంద్రుడి పక్కకు వచ్చేలా పట్టండి. సూర్యుడి వైపు తిరగొద్దు. కాయ మీద ఎండ పడ్డ సగం, చంద్రుడి మీద తెల్లగున్న సగం ఒకే వైపు, ఒకే ఆకారంలో ఉంటాయి. రెంటికీ వెలుగిచ్చేది ఒక్క సూర్యుడే. కుదరలేదంటే కాయ చెట్టు నీడలోనో, మీ చేతి నీడలోనో పడి ఉంటుంది, లేదా చంద్రుడి దిక్కుకు దూరంగా పట్టి ఉంటారు.

ఒక పిల్లవాడైనా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: విదియ, తదియ నాడు నెలవంక పక్కన మిగతా చంద్రుడు బూడిదరంగులో మసకగా కనబడతాడు కదా, ఆ వెలుగన్నా అతనిదేనా? అదీ కాదు. భూమి మీద పడ్డ ఎండ అక్కడిదాకా పోయి, చంద్రుడికి తగిలి, మళ్లీ మన కంటికొస్తుంది.