దసరా రద్దీకి ముందే లాడ్జి బాత్రూంలలో గాలి ఆడనివ్వండి

ఈ మధ్య విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక లాడ్జిలో బాత్రూం కడుగుతున్న కుర్రవాడు ఊపిరాడక కూలబడిపోయాడు. బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీదే యాసిడ్ పోశాడు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. వెంటిలేటరుకు అట్ట కొట్టేసి ఉండటంతో ఆ వాయువు బయటికి పోయే దారే లేదు. సమయానికి తలుపు తీశారు కాబట్టి బతికాడు.

నవరాత్రులకు ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల గదులు నిండిపోతాయి. మూలా నక్షత్రం నాడైతే ఒక కుటుంబం ఖాళీ చేయగానే మరొకటి దిగుతుంది, బాత్రూం ఆరే వ్యవధే ఉండదు. నేల కడగమని, దుప్పట్లు మార్చమని లాడ్జి వారికి నేను చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది ఆ అట్ట గురించే. ఏసీ చల్లదనం పోతుందని ఒకరు, దోమలు వస్తాయని ఒకరు వెంటిలేటరు మూసేస్తారు. అసలే కృష్ణ ఒడ్డు, పైగా వానలు వెనకబట్టని రోజులు. తడి ఆరని చోట 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. టైల్స్ సందుల్లో నల్లగా కనిపించేది కొంతే, ఫాల్స్ సీలింగు పైన పెరిగేది ఎవరికీ కనిపించదు. ఆస్తమా ఉన్నవారికి, పసిపిల్లలకు ఆ గాలి చాలు, రాత్రంతా దగ్గే. రూం ఫ్రెషనర్ కొడితే వాసన మాత్రమే మరుగవుతుంది.

వెంటిలేటరు మూయకండి. దోమలకు సన్నని జాలీ బిగించండి. ఏసీ కోసం బాత్రూం తలుపు వేసుకుంటే సరిపోతుంది. కానీ తలుపు అడుగున సందు ఉండాలి. లోపలికి గాలి రాకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాను తిరిగినా బయటికి నెట్టడానికి ఏమీ ఉండదు.

ఫ్యానుకు, లైటుకు ఒకే స్విచ్ పెట్టకండి. స్నానం అయ్యాక కనీసం 20 నిమిషాలు ఫ్యాను తిరగాలి.
ఫ్యాను రెక్కల దుమ్ము తుడవండి.
గోడల మీది నీటిని కూడా వైపరుతో లాగండి.
తడి మాపు లోపల వదలొద్దు.
కొన్నాళ్లు ఖాళీగా ఉన్న గదిలో షవర్ నీళ్లు ముందుగా వదిలేయండి, ఆ తుంపర పీల్చకండి. నిలవ నీటిలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, ఊపిరితిత్తులకు పట్టుకుంటుంది. గీజరు నీళ్లు 60 డిగ్రీలకు కాగాలి.
బ్లీచింగ్, యాసిడ్ ఒకే రోజు ఒకే బాత్రూంలో వాడొద్దు.
గ్యాస్ గీజరు బాత్రూంలో పెట్టనే వద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి తెలియకుండానే పోతాడు.
వెంటిలేటరు మూయకండి. చలి పెరిగినా మూయకండి.

గది తీసుకునే భక్తులు డబ్బు కట్టకముందే బాత్రూంలోకి వెళ్లి తలెత్తి చూడండి. గాలికి దారి లేకపోతే వేరే గది అడగండి.